మూతకి తాళం లేదు

మూడో రోజు

గాలి నైరుతి, ఇంకా తగ్గలేదు. కూర రొయ్యపొట్టు గోంగూర. పళ్ళాలు రెండు వందల పన్నెండు.

జున్నూ,

రెండు వందల పదమూడు అని రాసి కొట్టేశాను. చెయ్యి అలవాటు.

ఇది వంటశాల పుస్తకం. గాలి ఎటు వీచింది, ఏం వండాం, ఎన్ని పళ్ళాలు వెళ్ళాయి అని ముందు పేజీల్లో రోజూ రాస్తాను కదా. వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. అవి నీకు. నా చదువు మూడో తరగతి దాకానే. నా అక్షరాలు చీమలు పాకినట్టు ఉంటాయని నవ్వేదానివి. ఇప్పుడూ నవ్వుకో.

మొన్న నిన్ను పడవలో తెచ్చారు. తెచ్చినవాళ్ళు నా మొహం చూడలేకపోయారు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పారు. నువ్వు కాపలాకి వెళ్ళిన పడమటి గుడిసెలో పిండి ఉంది, ఎండు మెత్తళ్ళు ఉన్నాయి, మూడు జాడీల మంచినీళ్ళు ఉన్నాయి. అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయట. నువ్వు పళ్ళెం ముందు పెట్టుకుని, పక్కన నీళ్ళ జాడీ పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడకి ఆనుకుని ఉన్నావట. పళ్ళెం దీపం ఎర్రగా ఉందట.

ఏడు రోజులు తుఫాను. ఏడు రోజులూ ఎర్రగానే ఉండి ఉంటుంది.

నేను జాడీ మూతకి తాళం ఉందా అని అడిగాను. లేదమ్మా, చేత్తో తిప్పితే వచ్చే మూతే అన్నారు.

ఐదో రోజు

గాలి తగ్గింది. చోడి అంబలి, ఎండుచేప. పళ్ళాలు అన్నే.

నీకు తెలిసినవే రాస్తున్నాను. రాస్తే తప్ప నాకు అర్థం కావడం లేదు.

లంకలు మునిగి, జనం తెప్పల మీదికి వచ్చిన ఏడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ మొదటి ఏడాది కండబలం ఉన్నవాళ్ళు ముందు తిన్నారు. ఆఖరున ఉన్న ముసలివాళ్ళు ఇద్దరు పోయారు. అప్పుడు పెట్టారు దీపం పళ్ళాలు. వడ్డన అయ్యేదాకా పళ్ళెం అంచున దీపం ఎర్రగా ఉంటుంది. ఆఖరి మనిషికి కూడా అందాక వంటమనిషి పచ్చ మీట నొక్కుతుంది. అన్ని పళ్ళాలూ ఒక్కసారి పచ్చబడతాయి. అందరికీ అందాక అందరూ. మంచి పద్ధతే. దాన్ని నేను ఇప్పటికీ తప్పు పట్టను.

తర్వాత పిల్లలిల్లు పెట్టారు. తల్లిదండ్రులు వలల మీదా ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే మరల దగ్గరా ఉంటారు కాబట్టి ఐదేళ్ళు నిండగానే పిల్లల్ని అక్కడ పెట్టాలి, అమావాస్యకి ఒకసారి ఇంటికి పంపుతారు. అక్కడ ఆ ఎర్ర దీపం తర్ఫీదు అయింది. పళ్ళెం ముందు పెట్టి కావాలనే పచ్చ చెయ్యరు. అరగంట. గంట. కదలని పిల్ల మంచి పిల్ల.

పచ్చ మీట మీద నా చెయ్యి పాతికేళ్ళుగా ఉంది. కాపలా గుడిసెలో నీ పళ్ళెం దాకా సముద్రం మీదుగా తీగ వెళ్తుంది. ఆ ఏడు రోజులూ నేను రెండు పూటలా మీట నొక్కాను జున్నూ. నొక్కిన ప్రతిసారీ, నా పిల్ల కూడా తింటోంది అనుకున్నాను. తీగ తెగిందని ఎవరికి తెలుసు? అంతకు ముందు ఎప్పుడూ తెగలేదు. తుఫానులో పడవ వెళ్ళలేదంటే, అక్కడ తిండి ఉంది కదా, భయం లేదన్నారు. నేనూ అదే అన్నాను.

ఇప్పుడు మైల. ఇరవై ఒక్క రోజులు నేను ఏ దీపమూ వెలిగించకూడదు. వండుతున్నాను, మీట మాత్రం ఆదెమ్మ వదిన నొక్కుతోంది.

ఆరో రోజు

మార్కండేయులు వచ్చాడు. ఒక ఎండు పండుగప్ప తెచ్చాడు. పిల్లలింటి పెద్ద అయ్యాక కూడా నన్ను అక్కా అనే పిలుస్తాడు. చెడ్డమనిషి అని రాయలేను. పడవ తిరగబడితే మొదట దూకేది అతనే.

"అక్కా, కూకోనా?"

"కూకో. ఆ చేతిలో ఏంటి?"

"కాయితం. మామూలుదే. ఒక సంతకం పెట్టేత్తే అయిపోద్ది."

చదవమన్నాను. భూలక్ష్మి, ముప్ఫై ఒక్క ఏళ్ళు, పుట్టుకతోనే మనోనిబ్బరం తక్కువైన మనిషి, ఆ లోపం వల్ల తుఫాను సమయంలో తగిన పని చెయ్యలేకపోయింది. కుటుంబం ఒప్పుకుంటోంది. అంతే, నాలుగు వరసలు.

"పుట్టుకతో అని నీకెవరు సెప్పేరు? దాన్ని కన్నది నేను."

"అక్కా, మూడేళ్ళ నించి డాక్టరమ్మ ఇచ్చిన మందు మింగుతోంది కదా. ముడి ఏసిన తాడే నలభైసార్లు సూసుకునేది. నిద్దర లేదు. కోపం వత్తే మనిషి కాదు. మా ఈడోళ్ళం అందరం అదే ఇంట్లో పెరగలేదా? నేను మొదటి వరస పిల్లోణ్ణి. నాకేమైంది?"

"సంతకం పెట్టకపోతే?"

"ఇరవై ఒకటో రోజున సభకి ఎల్లాలి. జనం ముందు పిల్లని ఇడదీసి ఆరెయ్యడం ఎందుకని." గొంతు తగ్గించాడు. "గువ్వకి ఆ మర్నాడే ఐదేళ్ళు నిండుతున్నాయి కదా. సంతకం పెడితే పిల్లని ఏడేళ్ళ దాకా నీ దగ్గరే ఉంచుతాను. ఇది నా మాట."

"పెట్టకపోతే?"

"అందరి పిల్లల్లాగే అక్కా. ఐదుకి."

గువ్వ అప్పుడు గుమ్మంలో కూర్చుని అంబలి తాగుతోంది. ముక్కు మీద కూడా అంబలే. నీ కూతురికి తినడం తెలుసు జున్నూ. ఇంట్లో దీపం పళ్ళెం వద్దని నువ్వు చెప్పినప్పుడు నేను నీతో పోట్లాడాను. మట్టి మూకుడులో పెట్టేదానివి. "దీని చెయ్యి దీనిదేనమ్మా" అన్నావు. నాకప్పుడు అర్థం కాలేదు.

కాగితం అక్కడ పెట్టి వెళ్ళమన్నాను.

ఎనిమిదో రోజు

గాలి లేదు. వాన. చిక్కుడుకాయ, ఎండురొయ్యలు.

షంషాద్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నువ్వు గరిట గోడకేసి కొట్టి, తర్వాత కూర్చుని ఆ గరిటకే తప్పయిపోయిందని చెప్పిన రోజున నిన్ను మొదటిసారి ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను కదా. ఆవిడ ఏడ్చింది. డాక్టర్లు ఏడుస్తారని నాకు తెలీదు.

నీకు పెట్టిన ఆట నాకూ చూపించింది. చిన్న బల్ల మీద దీపాలు. పచ్చ వస్తే నొక్కాలి, ఎర్ర వస్తే ఆగాలి. నేను ఆరుసార్లు తప్పు చేశాను.

"అందరూ అన్ని చేస్తారు" అంది. "భూలక్ష్మి కూడా మామూలుగా ఆడేది, నవ్వేది. అప్పుడు నేను ఒక చిన్న గంట కొట్టేదాన్ని. పిల్లలింట్లో ఎవరైనా తప్పు చేస్తే కొట్టే గంట లాంటిది. అంతే, ఆ తర్వాత పచ్చ వచ్చినా నొక్కలేకపోయేది. చెయ్యి వణికేది, కానీ లేచేది కాదు."

"అయితే దానికి అదుపు ఎక్కువైనట్టా, తక్కువైనట్టా?"

"నూకాలమ్మగారూ, అదుపంటే ఆగడం ఒక్కటే కాదండీ. ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు కదలాలి, ఏ ఆలోచన వదిలెయ్యాలి, దేన్ని పట్టుకోవాలి, ఇదంతా మనిషి లోపల తనే తేల్చుకోవాలి. చిన్నతనంలో పస్తులూ దెబ్బలూ భయమూ మీద పడితే ఆ తేల్చుకునే శక్తి సరిగా ఎదగదు. పెద్దయ్యాక ఒకటే ఆలోచన గానుగెద్దులా తిరుగుతుంది. దిగులు వస్తే పోదు, కోపం వస్తే దిగదు. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను. చాలామందికి అవుతోంది. ఆ ఇంట్లో వాళ్ళకి నేర్పింది అదుపు కాదు. భయపడడం నేర్పారు."

"పుట్టుకతో వచ్చిందంటున్నారు."

ఆవిడ తన చీటీలు తీసింది. "భూలక్ష్మి కూర్చున్న వరసలో పన్నెండు మంది పిల్లలు. ఇప్పుడు అందులో తొమ్మిది మంది నా దగ్గరికి వస్తారు. పన్నెండు మందీ పన్నెండు కడుపుల్లో పుట్టారు కదా. పుట్టుకతో వచ్చిన లోపం వెతుక్కుంటూ ఒకే వరసలోకి వచ్చి కూర్చుందా?"

"ఈ మాట సభలో చెప్తారా?"

"రెండుసార్లు చెప్పానండీ. లెక్కలు చూపించాను. చదివారు. బాగా రాశావమ్మా అన్నారు. పక్కన పెట్టారు."

ఇంటికి వస్తుంటే వాన ఎక్కువైంది. తడిస్తే తడిశాను.

తొమ్మిదో రోజు

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. గువ్వ నీ చీర కట్టుకుని తిరుగుతోంది, కుచ్చిళ్ళు తొక్కుకుని రెండుసార్లు పడింది. కూర మాడింది. ఎవరూ ఏమీ అనలేదు.

పన్నెండో రోజు

ఇది రాయకుండా తప్పించుకుంటున్నాను. ఇవాళ రాసేస్తాను.

నీకు ఏడేళ్ళు. అమావాస్య సెలవుకి వచ్చావు. కాళ్ళు కడుగుతుంటే నీ అరికాళ్ళు తెల్లగా నాని, ముడతలు పడి ఉన్నాయి. అడిగితే చెప్పావు. ఎర్ర దీపం ఉండగా ఎవరో ముద్ద ముట్టుకున్నారని వరస మొత్తాన్ని తెప్ప అడుగున నీళ్ళ గదిలో నిలబెట్టారు. మోకాళ్ళ లోతు నీళ్ళు. కూర్చుంటే మునుగుతారు. రెండు పూటలు తిండి లేదు. ఒకరు తప్పు చేస్తే పన్నెండు మందికీ. ముట్టుకున్నది ఎవరని పంతులు అడిగితే నేనే అని చెప్పాను అన్నావు.

నేను నిన్ను ఎత్తుకోలేదు. కాళ్ళు తుడవలేదు. "నువ్వెందుకు ముట్టుకున్నావు మరి?" అన్నాను.

చేతులు ఒళ్ళో పెట్టుకున్నావు.

అక్కడితో ఊరుకున్నానా? ఇంట్లో పళ్ళేనికి కూడా దీపం పెట్టించాను, నువ్వు పంతులు దగ్గర మళ్ళీ మాట పడకూడదని. ఆదెమ్మ వదినని పిలిచి చూపించాను. "చూడు వదినా, మా పిల్ల పచ్చ రాందే మెతుకు ముట్టదు. గంటయినా కదలదు." ఆదెమ్మ కాసేపు చూసి, "పిల్లా, బొమ్మా వదినా అది?" అంది. ఆవిడతో నెల రోజులు మాట్లాడలేదు.

కొట్టినవాళ్ళు వాళ్ళే, పస్తు పెట్టినవాళ్ళు వాళ్ళే. కానీ గుమ్మం దగ్గరికి వచ్చిన నిన్ను మళ్ళీ లోపలికి తోసింది నేను. సభలో ఇది కూడా చెప్తాను. సగం చెప్పి సగం దాచితే నా మాటకి బరువుండదు.

పద్నాలుగో రోజు

ఎండ. మెత్తళ్ళ పులుసు.

నీ వరస వాళ్ళని ఒక్కొక్కళ్ళనే కలుస్తున్నాను. ఈరన్న పడుకోడట. పడవ మీదే తిరుగుతుంటాడట. కామేశ్వరి ఏ చొక్కా తొడుక్కోవాలో తేల్చుకోలేక ఒక్కోరోజు పనికి రాదట. సభలో చెప్పమంటే ఒక్కరూ రామన్నారు. తప్పు పట్టను. వాళ్ళకి నేర్పింది అదే.

సుభద్ర వలల గట్టు మీద ఒక్కతే ముడులు వేస్తోంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. చిన్నపిల్లని కొడుతుందని, కొట్టాక తలుపు వేసుకుని ఏడుస్తుందని ఊళ్ళో అందరికీ తెలుసు.

"నా సెయ్యి నా మాట ఇనదత్తా" అంది, నేను అడక్కుండానే. "లేత్తే దిగదు. దిగితే లేవదు."

"సభకి రామ్మా. నువ్వు మాటాడక్కర్లేదు. ఊరికే వచ్చి కూకో."

తల అడ్డంగా ఊపింది. ముడి వేసింది, విప్పింది, మళ్ళీ వేసింది. అప్పుడు చెప్పింది.

"అత్తా, ఆ రోజు ముట్టుకున్నది జున్ను కాదు. నాను. బెల్లం పెట్టేరు ఆ రోజు. నాను ఒక్క పలుకు నోట్లో ఏసుకున్నాను. గంట కొట్టేరు. ఎవరు ఎవరు అంటన్నారు, నా నోట్లో బెల్లం కరుగుతోంది, నోరు తెరవలేను కదా. జున్ను సెయ్యెత్తేసింది."

చేతిలో ముడి మళ్ళీ విప్పింది.

"ఇరవై నాలుగేళ్ళయ్యింది. మళ్ళీ బెల్లం తినలేదత్తా."

జున్నూ, నువ్వెందుకు ముట్టుకున్నావు అని అడిగాను. నువ్వు ముట్టుకోలేదు. ఏడేళ్ళ పిల్లవి, ఇంకో పిల్ల కోసం చెయ్యెత్తావు. నిబ్బరం లేని మనిషట!

పదిహేడో రోజు

పళ్ళాలు కడుగుతూ ఆదెమ్మ మొదలెట్టింది.

"సంతకం పెట్టెయ్యి వదినా. పిల్ల రెండేళ్ళు దక్కుద్ది. పోయినదానికి పేరెందుకు, ఉన్నదాన్ని సూసుకో."

"రెండేళ్ళయ్యాక?"

"అప్పటికి నేను సచ్చిపోతాను, నన్నడక్కు."

"నీకంత తొందరేం లేదు. గిన్నెలు తోముతూనే ఉంటావు."

ఎంగిలి పళ్ళెం చూసి ఎవరిదో చెప్పడం మా ఇద్దరికీ పాత ఆట. ఆదెమ్మ ఒకటి ఎత్తింది. కరివేపాకులన్నీ అంచు చుట్టూ ముగ్గులా పేర్చి ఉన్నాయి. "పడవల పురుషోత్తం. తినేటప్పుడు కూడా సంసారం సర్దుతాడు." ఇంకొకటి. సగం అన్నం వదిలేశారు. "పెద్దమ్మ పేరిందేవమ్మ. కబుర్లతోనే కడుపు నిండిపోద్ది." ఇద్దరం నవ్వాం. నువ్వు పోయాక నేను నవ్వింది ఇవాళే. నవ్వినందుకు కోపగించుకోకు.

తర్వాత వచ్చినవన్నీ ఒకే రకం. ఒక్క మెతుకు లేదు, ముల్లు లేదు, కరివేపాకు లేదు. నాకినట్టు ఉన్నాయి.

"ఇవెవరివి వదినా?" అన్నాను.

ఆదెమ్మ ఆటగా చెప్పబోయి ఆగిపోయింది. ఒక్కొక్కటే తిప్పి పళ్ళెం అడుగున పేరు చూశాం. పిల్లలింట్లో పెరిగినవాళ్ళు. అందరూ. మళ్ళీ లాగేసుకుంటారేమో అని ముల్లు కూడా నమిలి మింగేసేవాళ్ళు. పాతికేళ్ళు ఈ పళ్ళాలు నా చేతిలోంచి వెళ్ళాయి. ఎంత మంచి అలవాటో అనుకున్నాను. కడగడం తేలిక అనుకున్నాను.

అన్నిటికన్నా శుభ్రంగా ఉన్నది మార్కండేయులు పళ్ళెం.

చెయ్యి తుడుచుకుని కాగితం తీశాను. ఆ నాలుగు వరసలూ అడ్డంగా కొట్టేశాను. కింద నా చీమల అక్షరాలతో రాశాను: నా కూతురు బాగానే పుట్టింది. దాని కింద సంతకం పెట్టాను.

ఆదెమ్మ చూసింది. "పెట్టమంటే ఇదా పెట్టేది?" అని, కాగితం మడిచి తనే పిల్లలింటికి తీసుకెళ్ళింది.

ఇరవై ఒకటో రోజు

గాలి తూర్పు, చల్లగా ఉంది. అన్నం, పండుగప్ప పులుసు, బెల్లం పరమాన్నం. పళ్ళాలు నలభై ఒకటి. సభ.

తెల్లవారగానే తలంటు పోసుకున్నాను. మైల తీరింది. సభ పద్ధతి నీకు గుర్తుందిగా, అర్జీ పెట్టినవాళ్ళే వండాలి, వాళ్ళే వడ్డించాలి, మీటా వాళ్ళే నొక్కాలి. అందరూ కలిసి తిన్నాకే మాట. కడుపు నిండిన మనిషి కోపంగా తీర్పు చెప్పడని.

బియ్యం మన తెప్పల మీద ఎంత అరుదో నీకు తెలుసు. సభ రోజునే అన్నం. పొయ్యి మీద ఉడుకుతుంటే వాసనకి గువ్వ నా కొంగు వదల్లేదు.

పెద్దలు తొమ్మిది మంది. మధ్యలో పేరిందేవమ్మ. మిగతావాళ్ళు ఊరివాళ్ళు. డాక్టరమ్మ వచ్చింది. సుభద్ర ఆఖరి వరసలో తలుపు పక్కన కూర్చుంది, లేచిపోవడానికి వీలుగా. గువ్వకి చోటు లేక మార్కండేయులు పక్కన ఉన్న పీట మీద ఎక్కింది.

అందరికీ వడ్డించాను. ఆఖరి పళ్ళెం దాకా నా కళ్ళతో చూశాను. అప్పుడు మీట దగ్గరికి వెళ్ళి నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"అందరికీ అందింది. తినండి" అన్నాను.

నలభై ఒక్క ఎర్ర దీపాలు. ఎవరూ కదల్లేదు.

"మీట నొక్కవే పిల్లా" అంది పేరిందేవమ్మ.

"నొక్కను పెద్దమ్మా. అన్నం మీ ముందే ఉంది. మూత కూడా లేదు."

ఎవరో నవ్వారు, వెంటనే ఆపేశారు. పేరిందేవమ్మ నా వంక చూసింది, పళ్ళెం వంక చూసింది. ఎనభై ఏళ్ళావిడ, మొదటి తెప్ప మీద వచ్చిన మనిషి, పిల్లలిల్లు ఎరగదు. "ఆకలికి దీపమేంటే" అని గొణుక్కుని చెయ్యి పెట్టింది. ఆవిడతోపాటు ఆ వయసువాళ్ళు ఇంకో ముగ్గురు. డాక్టరమ్మ బయటి తెప్ప నుంచి వచ్చిన మనిషి, ఆవిడా తిన్నది. ఆదెమ్మ ఎప్పుడు మొదలెట్టిందో ఎవరూ చూడలేదు.

మిగతావాళ్ళు ముప్ఫై మందికి పైనే. వల లాగే చేతులు, తెడ్డు వేసే చేతులు. అన్నీ ఒళ్ళో ఉన్నాయి. పులుసు మీద ఆవిరి లేచింది, లేచి తగ్గింది. కొందరి నుదుటి మీద చెమట పట్టింది. ఈరన్న పెదవులు కదులుతున్నాయి, ఏదో లెక్కపెడుతున్నాడు. పిల్లలింట్లో అలాగే లెక్కపెట్టేవారని నువ్వు చెప్పావు.

అంతలో నీ కూతురి గొంతు వినిపించింది. అప్పటికే దాని పళ్ళెం సగం ఖాళీ.

"తాతా, నీకు ఆకలెయ్యట్లేదా?"

మార్కండేయులు దాని వంక చూశాడు. "ఏత్తందమ్మా."

"మరి తిను."

"ఎర్రగా ఉందమ్మా."

మామూలుగా చెప్పాడు, గాలి తూర్పుగా ఉందమ్మా అన్నట్టు. చెప్పాక తన మాట తనకే వినిపించింది. చెయ్యి ఒళ్ళోంచి ఎత్తాడు. పళ్ళెం అంచు దాకా వచ్చింది. ఆగింది. మళ్ళీ ఒళ్ళోకి వెళ్ళిపోయింది. నలభై ఏడేళ్ళ మనిషి, సముద్రంలోకి దూకే మనిషి.

నాకు సంతోషంగా ఉంటుందనుకున్నాను జున్నూ. ఉండలేదు. ఆ చేతిలో నీ చెయ్యి కనబడింది.

"ఇది పుట్టుకతో వచ్చిందా తమ్ముడూ?" అన్నాను. వారం రోజులు కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఒక్కటి మాత్రం చెప్పాను. "నా పిల్ల నాని ఉబ్బిన కాళ్ళతో వచ్చి చెప్పుకుంటే, నువ్వెందుకు ముట్టుకున్నావు అన్నాను. మీరందరూ మీ పిల్లల్ని అదే అడిగుంటారు. ఇంక అడక్కండి."

అప్పుడు తలుపు దగ్గర పళ్ళెం చప్పుడైంది.

సుభద్ర. పరమాన్నంలో చెయ్యి పెట్టింది. ఎర్ర దీపం దాని మణికట్టు మీద పడుతోంది. ముద్ద ఎత్తింది, సగం ఒలికిపోయింది, మిగతాది నోట్లో పెట్టుకుంది. ఏడుస్తోంది, నములుతోంది. మింగి లేచి నిలబడింది.

"ఆ రోజు ముట్టుకున్నది నాను. భూలచ్చిమి కాదు. ఇయ్యాలా నానే ముట్టుకున్నాను. నిలబెట్టండి ఎవరు నిలబెడతారో! వరసంతా నీళ్ళల్లో నిలబెట్టండి, సూత్తాను!"

గంట మోగలేదు. ఎవరూ రాలేదు. దాని పక్కన కామేశ్వరి మెల్లగా దీపం మీద ఒక అరచెయ్యి కప్పి, రెండో చేత్తో తినడం మొదలెట్టింది. తర్వాత ఈరన్న. తర్వాత ఇంకొందరు. అందరూ కాదు. సగం మంది పళ్ళాలు చల్లారిపోయే దాకా అలాగే ఉండిపోయారు.

మార్కండేయులూ తినలేదు. ముద్ద కలిపి అతని నోట్లో పెడదామని రెండడుగులు వేసి ఆగిపోయాను. బలవంతంగా పెడితే అదీ పిల్లలిల్లే అవుతుంది. అతనే జేబులోంచి మడత కాగితం తీసి పేరిందేవమ్మకి ఇచ్చాడు. ఆవిడ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని పైకి చదివింది.

"నా కూతురు బాగానే పుట్టింది."

తీర్పు చెప్పారు. నీళ్ళ గది ఇవాళే మూసెయ్యాలి. ఒకరి తప్పుకి వరసని శిక్షించడం మానాలి. నీ చావు కాగితంలో లోపం అన్న మాట తీసెయ్యాలి. ఎర్ర దీపం తర్ఫీదు సంగతి మూడు నెలలు ఆలోచించి చెప్తారట. అది తేలేదాకా గువ్వ నా దగ్గరే.

మూడు నెలలు! ఇంకా ఎన్ని పూటలో లెక్క కట్టమన్నాను. మీరు ఆలోచించుకోండి, నేను ఆలోచించడం అయిపోయింది అన్నాను. పేరిందేవమ్మ నోరు మూసుకోమంది. మూసుకోలేదు.

ఇరవై రెండో రోజు

గాలి తూర్పే. అంబలి, ఎండుచేప, గువ్వ పుట్టినరోజని కాస్త బెల్లం. పళ్ళాలు రెండు వందల పన్నెండు.

పొద్దున్నే స్క్రూలు విప్పి పచ్చ మీట ఊడదీశాను. సముద్రంలో పారేద్దామనుకున్నాను గాని ఆదెమ్మ ఆపింది, మంచి ఇత్తడి వదినా, పచ్చడి నూరుకోవచ్చు అని. ఇప్పుడు పచ్చడి రోట్లో ఉంది.

అందరికీ అందాక అందరూ. ఆ మాట నేను తప్పను. మీట లేకపోయినా నాకు కళ్ళున్నాయి. ఆఖరి మనిషికి వడ్డించాక గరిటతో గంగాళం మీద కొట్టి, "రండి, తినండి!" అని అరిచాను. దీపాలు ఎర్రగానే ఉన్నాయి. కొందరు అరచెయ్యి కప్పుకున్నారు. ఆదెమ్మ ఒక్కొక్క పళ్ళెం దీపం మీద గుమ్మడాకు ముక్క కప్పుకుంటూ వెళ్ళింది. కొందరు ఇంటికి పట్టుకెళ్ళారు. కొందరు తినలేదు, వాళ్ళ కోసం పొయ్యి ఆర్పలేదు. ఎంతసేపైనా ఉంచుతాను. ఎన్ని నెలలైనా.

సభవాళ్ళు అడగడానికి వస్తారు. రానీ. వాళ్ళకీ వడ్డిస్తాను.

నా తల్లీ, నిన్ను జున్ను అని ఎందుకు పిలిచానో ఎప్పుడూ చెప్పలేదు. లంకలు మునగక ముందు మా ఇంట్లో ఆవు ఈనింది. మా అమ్మ జున్ను వండి, ఇంకా వేడిగా ఉండగానే నా నోట్లో పెట్టింది. అప్పుడు ఎవరి కోసమూ ఆగలేదు. ఆవులు మునిగిపోయాయి. ఆ రుచి మళ్ళీ దొరకలేదు, నువ్వు పుట్టేదాకా.

మధ్యాహ్నం పళ్ళాలు కడుగుతుంటే ఒకటి చేతికి వచ్చింది. అంచున ఒక ఎండుచేప ముల్లు మిగిలి ఉంది. తిప్పి చూశాను. మార్కండేయులుది. దాన్ని వెంటనే కడగలేదు. కాసేపు ఎండలో పెట్టి చూశాను.

ఈ పుస్తకం ఎప్పుడో ఎవరి చేతికో వస్తుంది. మీరెవరో నాకు తెలీదు. మీ ఊళ్ళో దీపాలున్నాయో, గంటలున్నాయో తెలీదు. ఒక్కటే అడుగుతున్నాను. ఆకలేస్తే అన్నం చల్లారనివ్వకండి. కడుపునిండా తినండి.